గోడ ఏడ్చిన వానాకాలం

మా గుడిని కట్టింది ఇటలీ ఫాదర్ కాదు, మా తాత. ఈ మాట బడికి పోయే వయసు నుంచి చెబుతున్నాను. ఇప్పుడు పింఛను తీసుకునే వయసులోనూ చెబుతున్నాను. మొన్న మా చిన్నాయన మనవరాలి పెళ్లికి ఊరికి పోయాను. గుడి గేటు పక్కన కొత్తగా నల్లరాతి పలక నిలబెట్టారు. దాని మీద ఇటలీ ఫాదర్ పేరుంది, గేటు చేయించిన వాళ్ల పేర్లున్నాయి, మేస్త్రీల పేర్లు లేవు. అంతవరకు ఓర్చుకున్నాను. లోపల పీఠం దగ్గర ఒక పెద్దమనిషి పట్నం నుంచి వచ్చిన చుట్టాలకు గోడ చూపిస్తూ, "గీడనే మా తల్లి నెత్తురు కన్నీళ్లు కార్చింది. దూరం దూరం నుంచి జనం వస్తుండె. ఒక మేస్త్రి ఓర్వలేక గోడ చెక్కేసిండు" అన్నాడు. ఆ మేస్త్రి మా నాయిన. నేను ఆ పెద్దమనిషి వెనకే నిలబడి ఉన్నాను. పెళ్లిలో మాట పెంచడం మర్యాద కాదని ఊరుకున్నాను. రాయడానికి ఆ మర్యాద అడ్డం రాదు.

ఝరాసంగం నుంచి కోహీర్ వైపు పోయే దారిలో మా ఊరు ఎర్రరాతి గుట్ట మీద ఉంటుంది. అక్కడ రెండడుగుల మట్టి తీస్తే చాలు, తేనెపట్టులా చిల్లులున్న ఎర్రరాయి తగులుతుంది. ఆ రాయి నేలలో ఉన్నంతకాలం మెత్తగా ఉంటుంది, గొడ్డలితో కోసుకోవచ్చు. బయటికి తీసి ఎండా గాలీ తగలనిస్తే ఏడాదికి ఇనుములా గట్టిపడుతుంది. బీదరు కోట గోడలన్నీ ఆ రాయే. మా తాత రాయప్ప తండ్రీ తాతా బీదరు గుమ్మటాలకు మరమ్మతులు చేసినవాళ్లు. ఇటలీ ఫాదర్ తమ ఊరి గుడిని కాగితం మీద గీసి తెచ్చి చూపిస్తే మా తాత కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఫాదర్, గీ గుడి మీ ఊర్ల నిలవడ్తది. మా వానలకు నిలవడది" అన్నాడట. తనకు తెలిసిన గుడిని కట్టాడు. రాళ్లు కోసి ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆరుబయట వదిలేశాడు. ఈ దేశంలో రాళ్లను కూడా అప్పడాల్లా ఎండబెడతారని ఫాదర్ వాళ్ల ఇంటికి ఉత్తరం రాశాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. రాళ్లు తీసిన గుంతే తరువాత బావి అయింది. గుడి, గుడికి కుడివైపు ఫాదర్ల బంగ్లా, ఎడమవైపు బడి, వెనుక సిస్టర్ల మఠం, అన్నీ ఆ గుంతలో నుంచి వచ్చినవే. నాలుగింటినీ కలుపుతూ వరండా ఉంటుంది. ఎంత ముసురులోనైనా నెత్తి తడవకుండా బంగ్లా నుంచి పీఠం దాకా పోవచ్చు. పీఠం ఉన్న చోట గోడ అర్ధచంద్రంలా వంగి, పైన బీదరు గుమ్మటంలో సగం కోసి పెట్టినట్టు ఉంటుంది. దాని ముందు మొనదేలిన పెద్ద కమాను. గోడలు రెండు మూరల మందం. లోపలా బయటా గచ్చుసున్నం పూసి, గులకరాళ్లతో రుద్ది రుద్ది కోడిగుడ్డు పెంకులా మెరిపించారు. ఎండాకాలంలో ఆ గోడకు చెంప ఆనిస్తే మంచినీళ్ల కుండకు ఆనించినట్టుండేది.

నాకు ఊహ తెలిసేనాటికి మా ఇల్లు సగం పడిపోయిన ఇల్లు. ఒకప్పుడు మా వాకిట్లో రెండు సున్నపు గానుగలు తిరిగేవట. పన్నెండుమంది మేస్త్రీలు మా ఇంట్లోనే జొన్నరొట్టెలు తిని పనికి పోయేవాళ్లట. నేను చూసింది ఒక్క గానుగ. ఎద్దులు లేవు. రాతిచక్రం ఒక పక్కకు ఒరిగి ఉండేది. కోళ్లు దాని కింద గుడ్లు పెట్టేవి. సిమెంటు బస్తాలు వచ్చాక సున్నం అడిగేవాళ్లు లేకపోయారు. చిన్నాయనలిద్దరూ తాపీలు పట్టుకొని హైదరాబాద్ పోయి సిమెంటు పనిలో చేరారు. నాయిన పోలేదు. ఊళ్లో ఎవరింటి అరుగో పగిలితే పిలిచేవాళ్లు, పోయేవాడు. లేనినాడు ఇంట్లోనే ఉండేవాడు. ఇంట్లో ఉన్నరోజు కూడా పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకొని, పని మీద పోయేవాడిలా వాకిట్లో కూర్చునేవాడు. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. కాల్చిన సున్నపురాయి వాసన, సున్నంలో కలపడానికి నానబెట్టిన కరక్కాయల వగరు, పులిసిన బెల్లంనీళ్ల తీపి. సున్నానికి పగిలిన నాయిన అరచేతులకు అమ్మ రోజూ కుసుమనూనె కాచి రాసేది. రాస్తున్నంతసేపూ చేతులను తిట్టేది. మనిషిని మాత్రం ఏమీ అనేది కాదు. నాయినకు తాత నుంచి వచ్చిన అలవాటు ఒకటి ఉండేది. ఏ గోడ పక్క నుంచి పోయినా వేలి కణుపుతో ఒకసారి తట్టి, చెవి అటు పెట్టి, ముందుకు పోయేవాడు. చుట్టాలిళ్లకు పోయినప్పుడు నాకు సిగ్గనిపించేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా విచారణకు, అంటే మా గుడి కిందికి వచ్చే ఊళ్లకు, కొత్త ఫాదర్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, చదువుకున్నవాడు, మంచి గొంతు. ఆ చలికాలం చివర గుడి పండగకు బిషప్ గారు వస్తారని ఖాయమైంది. పీఠం వెనుక బయటిగోడ మీద సున్నం అక్కడక్కడా రాలి ఎర్రరాయి కనిపిస్తోంది. అది ఫాదర్‌కు నామోషీ అనిపించింది. జహీరాబాద్ నుంచి ఒక సిమెంటు కంట్రాక్టరును పిలిపించాడు. నాయిన పిలవకపోయినా వెళ్లాడు. వెంట నేనూ వెళ్లాను.

"ఫాదర్, ఎర్రరాయికి ఊపిరుంటది," అన్నాడు నాయిన. "సున్నం పూస్తే లోపలికి పోయిన తడి మల్ల బయటికొస్తది. సిమిటి పూస్తే పోయిన తడి గోడలనే ఉండిపోతది."

"నీ సున్నం తయారవడానికి ఎన్నాళ్లు పడుతుంది జోజప్పా?"

"నానబెట్టనీకె నాల్గు నెల్లు. గానుగల తిప్పనీకె ఇంకో నెల."

"పండగ నెలన్నరలో ఉందయ్యా."

కంట్రాక్టరు పక్కనే నిలబడి నవ్వాడు. "పెద్దమనిషీ, తాతల ముచ్చట్లు గోడకు పుయ్యొస్తదా? నా కాడ పనికి రా. మంచిగ జూసుకుంట."

"నీ కాడ పనికొస్తే నా చేతులు నన్ను గుర్తువట్టయి," అని నాయిన వచ్చేశాడు.

పది రోజుల్లో బయట సిమెంటు, లోపల నీలం ఆయిల్ పెయింటు పడ్డాయి. పండగ బాగా జరిగింది. బిషప్ గారు మెచ్చుకున్నారు. ఆ వారంలోనే నాయిన సున్నపురాయి తెచ్చి, మా పెరట్లో గుంత తీసి, నీళ్లు పోసి నానబెట్టాడు. ఎవరి కోసమని అమ్మ అడిగింది. "ఒకనాడు పిలుస్తరు" అన్నాడు.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. శ్రావణంలో పది రోజులు ముసురు వదల్లేదు. ఒక శనివారం మధ్యాహ్నం జపమాల చెప్పుకోవడానికి పోయిన ఎలీశమ్మ కేక పెట్టింది. ఎలీశమ్మ గుడి ఊడ్చే ముసలమ్మ. మొగుడు పోయినవాళ్లు, పిల్లలు లేనివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు గాని, ఆమెలా గుడినే ఇల్లు చేసుకున్నవాళ్లు లేరు. మరియమాత విగ్రహం పీఠానికి ఎడమవైపు గోడలో గూట్లో ఉంటుంది. గూటి పైన నీలం రంగు పొంగి చిట్లి, అందులో నుంచి ఎర్రటి చుక్క జారి సరిగ్గా విగ్రహం కంటి కింద పడుతోంది. అక్కడి నుంచి చెంప మీదుగా తెల్లటి గౌను మీదికి కారుతోంది. నేనూ చూశాను. చూసి మోకాళ్ల మీద కూలబడ్డాను. అబద్ధం చెప్పను. మేస్త్రి కూతురునే అయినా ఆ క్షణంలో నాకు రాయి గుర్తు రాలేదు.

వారం తిరిగేసరికి రాయికోడ్ నుంచి, కోహీర్ నుంచి బండ్ల మీద, ట్రాక్టర్ల మీద జనం. తలకు కొంగు కప్పుకున్న ముస్లిం ఆడవాళ్లు కూడా పిల్లలను ఎత్తుకొని వచ్చి, "బీబీ మరియం" అని కళ్లొత్తుకున్నారు. దూది ముంచుకొని పోయేవాళ్లు, సీసా పట్టుకొని గంటలు గంటలు నిలబడేవాళ్లు. మా అమ్మ అన్నమ్మ పాతచీర చెంగు చింపి ఆ నీటిలో తడిపి తెచ్చి మా తమ్ముడి రొమ్ము మీద వేసేది. వాడికి ఆరేళ్లు, పుట్టినప్పటి నుంచి ఆయాసం. ఆ నెల వాడు తేలిగ్గా ఊపిరి తీశాడు. అది కూడా నిజమే.

నాయిన రెండో వారంలో గుడికి వెళ్లి, అందరూ మొక్కుతుంటే తాను కమాను దగ్గర నిలబడి వేలి కణుపుతో తట్టాడు. ఒకచోట కాదు, పది చోట్ల. బాగున్న రాయి గట్టిగా పలుకుతుంది. ఆ గోడ పలకలేదు. తడిసిన బస్తాను తట్టినట్టు చప్పుడైంది. ఇంటికి వచ్చి రొట్టె ముందు కూర్చున్నాడు గాని తినలేదు.

"తల్లి ఏడుస్తలేదు," అన్నాడు. "గోడ ఏడుస్తున్నది. పైన గుమ్మటం, కప్పు కలిసేకాడ పెంకుల సందున వాన దిగుతున్నది. బయటికి పోనీకె తొవ్వలేక లోపలికి కారుతున్నది. ఎరుపు రాయిది."

అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి నిలబడింది. "చిన్నోని ఆయాసం తగ్గలేదా? సూస్తలేవా?"

"తగ్గింది. తల్లి తగ్గించిందనుకో, నేను కాదన్ననా? గోడల నీళ్లు తగ్గించినయంటె మాత్రం ఒప్పుకోను. అన్నమ్మా, కమాను మెత్తవడ్డది. కింద రోజుకు వందమంది మోకరిస్తున్నరు."

"నీకు తల్లి మీద నమ్మకం లేదు. నీకు సున్నం మీదనే నమ్మకం. నిన్ను పిలవలేదని కడుపుల పెట్టుకున్నవ్."

ఆ చివరి మాట ఊరంతా అంటున్నదే. ఇంట్లో నుంచి కూడా వచ్చేసరికి నాయిన చేయి కడుక్కున్నాడు. ఆనాటి నుంచి అమ్మ ఆయనతో మాట్లాడలేదు. నూనె కాచి గిన్నె పక్కన పెట్టేది, రాసేది కాదు. "మీ నాయినకు చెప్పు, రొట్టెలు చల్లారుతున్నయని" అనేది నాతో, ఆయన అక్కడే కూర్చుని ఉండగా.

నాయిన ఫాదర్‌ను పిలిచి కమాను తట్టి వినిపించాడు. ఆయనకు చప్పుడు అర్థమైంది, ముఖం చూస్తే నాకు తెలిసింది. "ఇది అద్భుతం కాదంటే జనం నన్ను నాస్తికుడంటారు జోజప్పా. ఔనంటే సంజాయిషీ అడుగుతూ బిషప్ గారి దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది," అన్నాడు.

"కమాను కూలితే ఏమంటరు ఫాదర్?"

ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రేపు నేను జహీరాబాద్ పోతున్నాను. పొద్దుగూకే దాకా రాను. గుడి తాళం ఉపదేశి చిన్నప్ప దగ్గర ఉంటుంది" అని, చెయ్యమనీ అనకుండా, వద్దనీ అనకుండా వెళ్లిపోయాడు. అది పిరికితనమని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. వయసు మీద పడితే అందరినీ క్షమించాలన్న నియమం ఏదీ నాకు తెలియదు.

మరునాడు పొద్దున, పిల్లలకు జపాలు నేర్పే ఆ చిన్నప్ప తాళం ఇవ్వనన్నాడు. నాయిన అడగలేదు కూడా. సిమెంటు ఉన్నది బయటిగోడకు, బయటిగోడకు తాళం ఉండదు. నిచ్చెన వేశాడు. నేను కింద పట్టుకున్నాను. సుత్తి చప్పుడు వినగానే జనం వరండాల నుంచి వచ్చారు. ఎలీశమ్మ చీపురు పారేసి వచ్చి గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"నన్ను చెక్కు ముందు," అంది.

"నిన్నెందుకు చెక్కుత? నువ్వేమన్న సిమిటితోని అయినవా?" అన్నాడు నాయిన పైనుంచి. జనంలో ఎవరో నవ్వారు. ఎలీశమ్మ నవ్వలేదు.

"ఓర్వలేకున్నవ్ మేస్త్రీ. నీ చెయ్యి వడని గోడల తల్లి కనవడ్డదని ఓర్వలేకున్నవ్."

 నాయిన ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. సిమెంటు పళ్లెమంత ముక్క ఊడి పడింది. దాని వెనుక నుంచి కుండ పగిలినట్టు ఎర్రనీళ్లు దూకాయి. నాయిన తెల్లచొక్కా, నా పరికిణీ, ఎలీశమ్మ నెత్తి, అన్నీ ఎర్రబడ్డాయి. "నెత్తురు" అని వెనుక నుంచి ఒక ఆడమనిషి అరిచింది.  నాయిన నిచ్చెన దిగి, ఎలీశమ్మ పక్కన గొంతుక్కూర్చుని, అక్కడా ఒక ముక్క సిమెంటు లేపి, బయటపడ్డ రాతిలోకి వేలు గుచ్చాడు. వేలు రెండు కణుపుల దాకా దిగింది.

"సూడు. మా నాయిన కోసి, ఏడాది ఎండవెట్టిన రాయి. మల్ల మట్టయితున్నది. నువ్వు రోజు మోకరించే కమాను గీ రాయి మీదనే నిలవడ్డది."

"తల్లి కాడ సస్తే నాకేం ఫికర్?"

"నీకు లేదు. నీ ఎన్క కూసునే బడిపిల్లలకు?"

ఎలీశమ్మ ఆ చిల్లు వైపు చూసింది. తన వేలు కూడా పెట్టి చూసింది. తరువాత మోకాళ్లు పట్టుకొని లేచి, చీపురు తీసుకుంది. "నువ్వు తల్లిని ఎల్లగొడ్తున్నవ్ మేస్త్రీ. యాదుంచుకో," అని పోయింది. ఒప్పుకున్నదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడ్డం మాత్రం తొలగింది.

మూడు రోజుల్లో సిమెంటంతా ఊడింది. పెంకుల సందు మూశాడు. దసరా ఎండలకు గోడ ఆరింది, చుక్క ఆగింది, జనం రావడం మానేశారు. ఫాదర్ మొదటినాటి సాయంత్రమే తిరిగివచ్చి చూశాడు, ఎవరు చేశారని అడగలేదు. మా పెరటి సున్నం అప్పటికి వెన్నలా నాని ఉంది. ఇసుక కలిపి గానుగలో తిప్పాలి. ఎద్దులు లేవు, పిలిస్తే మనిషి రాలేదు. నాయిన కాడికి ఒక పక్క, నేను ఇంకో పక్క. బడి నుంచి రాగానే పుస్తకాలు అరుగు మీద పెట్టి కాడి పట్టేదాన్ని. గోడ అవతల ఆగి చూసేవాళ్లు. "పెద్ద మేస్త్రి ఇంట్ల ఎద్దులు పదో జమాతు సదువుతున్నయ్" అన్నాడొకడు. నేను తల దించలేదు. ఇంకో చుట్టు తిరిగి, వాడి ఎదురుగా వచ్చినప్పుడు వాడి కళ్లలోకి చూశాను. అమ్మ వచ్చి బెల్లంనీళ్లు, కరక్కాయనీళ్లు మాట లేకుండా గానుగలో పోసి పోయేది. అప్పటికి చలి మొదలైంది. తమ్ముడి ఆయాసం తిరిగి వచ్చింది. ఇదివరకటి కన్నా ఎక్కువగా వచ్చింది. ఇంట్లో పిల్లి కూతలా వాడి ఊపిరి వినిపిస్తుంటే అమ్మ నాయిన వైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేదని నాయిన ఎన్నో ఏళ్ల తరువాత నాతో అన్నాడు.

ఇప్పుడా గుడి చుట్టూ నడుం ఎత్తు దాకా మెరిసే పలకలు అతికించారు. మిగిలిన గోడలన్నీ తరువాతి ఫాదర్ల కాలంలో ఒక్కొక్కటే సిమెంటు అయ్యాయి. ప్రతి వానాకాలం ఎక్కడో ఒకచోట రంగు పొంగుతుంది, ప్రతి పండగకు కొత్త రంగు వేస్తారు. పీఠం వెనుక అర్ధచంద్రం మాత్రం మా సున్నమే. మొన్న పెళ్లిలో అందరూ అక్షింతలు వేస్తుంటే నేను వెనక్కి పోయి దాన్ని వేలి కణుపుతో తట్టాను. పలికింది. మా ఇల్లు లేదు. ఆ స్థలంలో ఎవరిదో ట్రాక్టరు షెడ్డు ఉంది. గానుగ చక్రం ఏమైందో తెలియదు. నేను జహీరాబాద్‌లో రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉంటాను. మాది పడిపోయిన ఇల్లని చుట్టాలు జాలిగా అంటుంటారు. పడిపోయింది నిజమే. వంగినట్టు ఎవరైనా చూశారా అని అడుగుతాను. అద్భుతం ఆపినవాళ్లమని అంటారు. ఆపాము. ఆ కమాను కింద కూర్చుని ఈ ఊళ్లో మూడు తరాల పిల్లలు సత్ప్రసాదం తీసుకున్నారు, ఒక్కరి నెత్తి మీదా ఒక్క రాయి పడలేదు. అది జరగని సంగతి కాబట్టి పలక మీద ఎవరూ రాయరు. నేను రాస్తున్నాను.

ఆ చలికాలం చివర వచ్చిన గుడి పండగ ఆదివారం గురించి కూడా రాయాలి. సున్నం పని ముగిసి అప్పటికి వారమైంది. మా గుడిలో మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు చాపల మీద కూర్చుంటారు, మధ్యలో దారి. ముందు వరుసలో మొదటి చాప తాత కాలం నుంచి మా ఇంటిది. నాయిన ఉతికిన తెల్లచొక్కా వేసుకొని వెళ్లి ఆ చాప మీద కూర్చున్నాడు. ఎన్ని సబ్బులు పెట్టినా భుజం మీద ఎర్రమరక పోలేదు. గుడి కిక్కిరిసింది. వరండాలలో కూడా జనం నిలబడ్డారు. నాయిన పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. పక్క చాప, వెనుక చాప కూడా ఖాళీ. పదిమందికి సరిపోయే చోటులో ఆయన ఒక్కడే, వెన్ను నిటారుగా, ఎదుటి గోడను చూస్తూ కూర్చున్నాడు. నేను ఆడవాళ్ల వైపు నుంచి ఆ ఖాళీనే చూస్తున్నాను. ఏడుపు రాలేదు. అరవాలనిపించింది.

గంట కొట్టారు. ఫాదర్ పీఠం దగ్గరికి వచ్చాడు. అప్పుడు నా పక్కన అమ్మ లేచింది. తమ్ముణ్ని చంకన వేసుకుంది. వాడి ఊపిరి చప్పుడు గుడంతా వినిపిస్తోంది. మధ్యదారి దాటి, మగవాళ్ల వైపు పోయి, నాయిన పక్కన చాప మీద కూర్చుంది. వెనుక గుసగుసలు లేచాయి. నాయిన తల తిప్పి ఆమెను చూసి, జరిగి చోటిచ్చాడు. ఉపదేశి చిన్నప్ప గబగబా వచ్చి వంగి, "అన్నమ్మా, ఇది మొగోళ్ల దిక్కు" అన్నాడు.

"ఎరికె," అంది అమ్మ. "పూజ సురు జెయ్యమను."